స్థానిక షూరిటీ: 1978లోనే తప్పన్న షరతు ఇంకా ఎందుకుంది?

బెయిల్ మంజూరైనా షూరిటీ (జామీను), అంటే తమ తరఫున కోర్టుకు పూచీ, ఇచ్చేవారు దొరక్క జైలులోనే ఉండిపోతున్న పేదల విషయం మళ్లీ చర్చకు వచ్చింది. ఈ ప్రస్తావన వచ్చినప్పుడల్లా 1979 నాటి హుస్సేనారా ఖాతూన్ కేసును, బిహార్ విచారణ ఖైదీల విడుదలకు జస్టిస్ పి.ఎన్. భగవతి ఇచ్చిన ఆదేశాలను గుర్తు చేసుకుంటాం. అది అందరికీ తెలిసిన చరిత్రే. పూచీ ఉండేవాడు కేసు నడిచే చోటే ఆస్తి ఉన్న స్థానికుడై ఉండాలన్న ‘స్థానిక షూరిటీ’ షరతుపై నేటి వివాదం మూలం మాత్రం అంతకు ఆరు నెలల ముందు, 1978 ఆగస్టులో, మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తాపీ మేస్త్రీ కేసులో ఉంది.

ఆ మేస్త్రీకి బెయిల్ ఇచ్చింది సుప్రీంకోర్టే. షరతులను మాత్రం మేజిస్ట్రేట్‌కు వదిలింది. మేజిస్ట్రేట్ రూ.10,000కు షూరిటీ అడిగారు. తోడబుట్టినవాడు పూచీ ఉంటానని వస్తే, అతనూ అతని ఆస్తీ వేరే జిల్లాలో ఉన్నాయని తిరస్కరించారు. కూలి పని చేసుకునే మనిషి రెండోసారి ఢిల్లీ దాకా వెళ్లవలసి వచ్చింది. 1948లో స్వయంగా నెల రోజులు జైలులో గడిపిన జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్, ఆ తీర్పులో మన పేరు కూడా చెప్పి ఒక ప్రశ్న వేశారు: బస్తర్‌లోనో, పోర్ట్ బ్లెయిర్‌లోనో, చాందినీ చౌక్‌లోనో అరెస్టయిన మలయాళీ, కన్నడిగుడు, తమిళుడు, తెలుగువాడు అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారును ఎక్కడి నుంచి తెస్తాడు? రాజ్యాంగంలో సమానత్వ హక్కునిచ్చే 14వ అధికరణ భారతీయులందరినీ భారతీయులుగానే కాపాడుతుందని చెప్పి, వేరే జామీనుదారు లేకుండా రూ.1,000 సొంత పూచీకత్తు మీద ఆ మేస్త్రీని విడుదల చేయమన్నారు.

చట్టం ఆ దారిలోకి రావడానికి చాలా కాలం పట్టింది. బెయిలు ఇవ్వదగిన నేరంలో అరెస్టయిన వారంలోగా షూరిటీ తేలేనివారిని నిరుపేదలుగా భావించి, సొంత పూచీకత్తు మీదే వదలాలన్న నిబంధన 2005 సవరణతో వచ్చింది. మిగిలిన నేరాలలో నిర్ణయం న్యాయమూర్తి విచక్షణకే ఉండిపోయింది. 2022 చివరికి దేశంలోని 5,73,220 మంది ఖైదీలలో 4,34,302 మంది విచారణ ఖైదీలే.

నిందితులు పరారవుతారని, నకిలీ జామీనుదారులు కోర్టులను మోసగిస్తున్నారని, స్థానికులైతే వివరాలు సరిచూసుకోవడం సులభమని కింది కోర్టుల వైపు నుంచి వినిపించే వాదన. ఆ ఇబ్బంది నిజమే. కానీ దాని భారమంతా ఇంటి పన్ను రసీదో, పట్టాదారు పాసు పుస్తకమో ఉన్న పరిచయస్థుడు ఒక్కడూ లేని వలస కూలీ మీద పడుతోంది. ఒడిశా నుంచో బిహార్ నుంచో హైదరాబాద్‌కు వచ్చి భవనాలు కడుతున్న మేస్త్రీకి ఇక్కడ కేసు పడితే, కృష్ణయ్యర్ వేసిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పవలసినది మనమే.

2022 నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవ సభలో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము పేద ఖైదీల గురించి న్యాయమూర్తుల ఎదుటే మాట్లాడారు. 2023 జనవరి 31న జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్, జస్టిస్ అభయ్ ఓకాల సుప్రీంకోర్టు ధర్మాసనం మార్గదర్శకాలు ఇచ్చింది. బెయిల్ వచ్చిన 7 రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ పేదలకు ఉచిత న్యాయ సాయం అందించే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలపాలి. నెలలోగా పూచీకత్తు సమర్పించలేకపోతే షరతుల సడలింపును కోర్టు తనంతట తానే పరిశీలించవచ్చు. అదే ఏడాది కేంద్రం విచారణ ఖైదీకి రూ.40,000 వరకు సాయం చేసే పథకం తెచ్చింది; డబ్బు ఇవ్వగలిగిన ఆ పథకం ఊళ్లో ఆస్తి ఉన్న మనిషిని తెచ్చి ఇవ్వలేదు.

స్థానిక షూరిటీ పట్టుబట్టడమే విడుదల ఆలస్యానికి ఒక కారణమని ఆ ధర్మాసనం గుర్తించింది. అయితే 1978లో తప్పుపట్టిన ఆ షరతును ఇకపై విధించరాదని ఆదేశించలేదు, విధించకుండా ఉండవచ్చని సూచించింది.