కామసూత్రం: ఏడు భాగాల్లో జనానికి గుర్తున్నది ఒక్కటే

కామసూత్రం అనగానే భంగిమలే గుర్తొస్తాయి. ఈ పేరు తెచ్చిపెట్టింది ఇంగ్లీషువాళ్లేనని మనం తేలిగ్గా అనేస్తుంటాం. అది సగం నిజమే.

సుమారు క్రీ.శ. 3వ శతాబ్దంలో వాత్స్యాయనుడు రాసిన ఈ గ్రంథంలో 7 అధికరణాలు, అంటే భాగాలున్నాయి. రతి గురించి చెప్పేది రెండోది. మిగతావాటిలో నాగరకుడి (పట్టణంలో ఉండే రసికుడి) దినచర్య, పెళ్లి, భార్య నడవడి, పరస్త్రీలు, వేశ్యలు, మందులూ మాకులూ. ఇదంతా తన సొంతమని ఆయన చెప్పుకోలేదు. తనకు ముందటి పండితుడు బాభ్రవ్యుడి 150 అధ్యాయాలను కుదించానన్నాడు. వేశ్యల భాగాన్ని అంతకుముందే దత్తకుడు పాటలీపుత్ర గణికల కోరికపై విడిగా రాశాడని కూడా చెప్పాడు.

నాకు ఎక్కువ నచ్చేది మూడో అధికరణం. పెళ్లయ్యాక మూడు రాత్రులు దంపతులు నేలమీద పడుకోవాలి, కలయిక వద్దు. ఆ తర్వాతా తొందర కూడదు, ముందు మాటలతో ఆమె నమ్మకం పొందాలి. స్త్రీలు పువ్వుల్లాంటివాళ్లు, నమ్మకం కుదరకముందే బలవంతం చేస్తే ఆ సుఖాన్నే ద్వేషిస్తారు అంటాడు. మొదటి అధికరణంలో స్త్రీలు ఈ శాస్త్రం చదవాలనీ వాదిస్తాడు, పెళ్లయినవాళ్లకు భర్త అనుమతి ఉండాలన్న షరతుతో. రెండోదానిలో, రతిలో కొట్టడం గురించి చెబుతూ, శాతవాహన రాజు శాతకర్ణి దెబ్బకు రాణి మలయవతి చనిపోయిందని హెచ్చరిస్తాడు.

ఆ తర్వాతివాళ్లకు ఈ సంసారపు గొడవంతా అక్కర్లేకపోయింది. కొక్కోకుడి ‘రతిరహస్యం’ పడకగది చుట్టూనే తిరిగింది. పద్మిని, చిత్రిణి, శంఖిని, హస్తిని అనే విభజన ప్రసిద్ధమైంది అక్కడి నుంచే, వాత్స్యాయనుడి దగ్గర అది లేదు. ఆ పుస్తకం తెలుగులోకీ ‘కొక్కోకం’గా వచ్చింది. లోడీల కాలంలో కల్యాణమల్లుడి ‘అనంగరంగం’ అదే దారి పట్టింది.

ఇంగ్లీషు అనువాదకులు రిచర్డ్ బర్టన్, ఆర్బత్‌నాట్ ముందు చేపట్టింది ఈ అనంగరంగాన్నే. అందులో పదేపదే వాత్స్యాయనుడి పేరు కనిపించడంతో మూలం కోసం వెతికించారు. పండితుడు భగవాన్‌లాల్ ఇంద్రజీ రాతప్రతులు పోల్చి చూసి, అనువాదంలో పెద్ద బరువు మోశారు. 1883లో ఇంగ్లీషు పుస్తకం వచ్చింది. బ్రిటన్‌లో 1857 నాటి అశ్లీల ప్రచురణల చట్టం భయంతో దాన్ని ప్రైవేటుగా, అనువాదకుల పేర్లు లేకుండా అచ్చేశారు. చాటుగా చేతులు మారే పుస్తకంలో జనం వెతుక్కున్నది రెండో అధికరణాన్నే. 1960ల్లో ఇంగ్లండు, అమెరికాల్లో బహిరంగంగా అమ్మకానికి వచ్చేసరికి భంగిమల పుస్తకమన్న పేరు స్థిరపడిపోయింది.