మెమరీలో అడ్డు, నిలువు ఉండవు

ఉమ్మడి అనంతపురం జిల్లాలో 63 మండలాలు. ఒక్కో మండలానికి జనవరి నుంచి డిసెంబర్ దాకా పడిన వానను ఒక్కో అడ్డు వరుసలో రాస్తే 63 అడ్డు వరుసలు, 12 నిలువు వరుసలు, మొత్తం 756 గడులు. వేరుశనగ రైతు దాన్ని అడ్డంగా చదువుతాడు: మా మండలంలో జూన్ నుంచి ఎంత కురిసింది? జిల్లా మొత్తం చూసే అధికారి నిలువుగా చదువుతాడు: జూలైలో ఏ మండలాలు ఎండాయి? కాగితం మీద రెండూ ఒకటే. కంప్యూటర్‌కు కాదు.

మెమరీలో పట్టిక అనేదే ఉండదు, ఉన్నది ఒకే పొడవాటి వరుస. సీ అనే ప్రోగ్రామింగ్ భాషలో మొదటి మండలం 12 నెలలూ అయిపోయాకే రెండోది మొదలవుతుంది. లెక్క సున్నా నుంచి కాబట్టి ఆగస్టు నంబరు 7. కళ్యాణదుర్గం నంబరు 20 అనుకుందాం. 20 × 12 + 7 = 247. వెతుకులాట లేకుండా కంప్యూటర్ నేరుగా ఆ గడికే వెళ్తుంది. ఇంత చిన్న గుణకారం మీద ఇంత పెద్ద వ్యవహారం నడవడం నాకు ఇప్పటికీ అబ్బురమే. 1957లో ఐబీఎం తెచ్చిన ఫోర్‌ట్రాన్ భాష మాత్రం నిలువుగా పేరుస్తుంది. మ్యాట్‌ల్యాబ్, ఆర్ భాషలు కూడా అంతే.

ప్రాసెసర్ ఒక్క సంఖ్యను విడిగా తెచ్చుకోదు. సాధారణంగా ఒక్కసారికి 64 బైట్లు, అంటే 8 బైట్ల సంఖ్యలు ఎనిమిది, ప్రాసెసర్ పక్కనే ఉండే చిన్న, వేగమైన మెమరీ అయిన క్యాష్‌లోకి వస్తాయి. అడ్డంగా నడిస్తే ఎనిమిదీ పనికొస్తాయి. నిలువుగా నడిస్తే పక్క మండలం జూలై 96 బైట్ల అవతల ఉంటుంది, కాబట్టి తెచ్చినవాటిలో అక్కరకొచ్చేది ఒక్కటే. మన పట్టిక 6,048 బైట్లే, మొత్తం క్యాష్‌లో పట్టేస్తుంది, తేడా తెలియదు. వేల వరుసలున్న ఉపగ్రహ చిత్రమైతే వరుసలను ఒక్కొక్కటిగా తిప్పే రెండు ఫర్ లూపుల్లో ఏది లోపల, ఏది బయట అన్నదాన్ని బట్టే వేగం ఎన్నో రెట్లు మారిపోతుంది.

పైథాన్ భాషలో పట్టికల లెక్కలకు వాడే నంపైలో పిల్లలకు టెన్షన్ పెట్టేది యాక్సిస్, అంటే పట్టికలో లెక్క నడిచే దిక్కు: 0 అంటే మండలాల వెంట నిలువుగా, 1 అంటే నెలల వెంట అడ్డంగా. మీరు చెప్పిన యాక్సిస్ మాయమవుతుందని గుర్తుంచుకుంటే చాలు. యాక్సిస్ 0 మీద కూడితే మండలాలు పోయి 12 సంఖ్యలు మిగులుతాయి. యాక్సిస్ 1 మీద కూడితే నెలలు పోయి 63 మిగులుతాయి. 30 ఏళ్ల పట్టికలను ఒకదాని వెనక ఒకటి పేర్చి, ఏళ్ల యాక్సిస్ మీద సగటు తీస్తే ప్రతి మండలానికీ నెలవారీ సగటు వాన వచ్చేస్తుంది.

జాగ్రత్తపడాల్సింది చదరపు పట్టికలతో. ఒకే మండలానికి 12 ఏళ్లు, 12 నెలలు తీసుకుంటే యాక్సిస్ తారుమారైనా 12 సంఖ్యలే వస్తాయి, ఎర్రర్ రాదు. అలాంటప్పుడు ఒక్క ఏడాది వాననైనా చేత్తో కూడి సరిచూసుకోవాలి.