క్రియాటినిన్ గీత చివర్లో ఎందుకు నిక్కుతుంది?

ఉద్దానం ప్రాంతంలో డిగ్రీ చదువుతున్న ఒక విద్యార్థిని తన ప్రాజెక్టు కోసం, కుటుంబాల అనుమతితో, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారి పాత రక్తపరీక్షల రిపోర్టులు సేకరించి, గీసిన గ్రాఫులను నాకు పంపింది. అడ్డంగా సంవత్సరాలు, నిలువుగా రక్తంలోని క్రియాటినిన్ అనే వ్యర్థపదార్థం. దాదాపు ప్రతి గ్రాఫులోనూ గీత చాలాకాలం నేలబారుగా సాగి, చివర్లో ఒక్కసారిగా పైకి లేచింది. ఆ మలుపు దగ్గర వ్యాధి వేగం పుంజుకున్నట్టే కదా, అప్పుడేం జరిగిందో వెతకాలా అని ఆమె అడిగింది. కవిటి, సోంపేట, కంచిలి, మందస మండలాల్లో ఎన్నో ఇళ్లను వేధిస్తూ, మూలకారణం ఇంకా తేలని వ్యాధి గురించి ఒక విద్యార్థిని ఇంత సూటిగా ప్రశ్నించడం నాకెంతో సంతోషం కలిగించింది.

క్రియాటినిన్ మన కండరాల్లో రోజూ ఇంచుమించు ఒకే పరిమాణంలో తయారవుతుంది. మూత్రపిండాలు దాన్ని వడపోసి బయటికి పంపుతాయి. తయారయ్యేదీ బయటికి పోయేదీ సమానంగా ఉన్నంతకాలం, రక్తంలోని క్రియాటినిన్‌ను వడపోత వేగంతో గుణిస్తే వచ్చే లబ్ధం మారదు. అంటే ఈ రెండింటిదీ విలోమానుపాతం. దీన్ని ఎనిమిదో తరగతిలోనే చెబుతాం; అయితే లెక్క చేయడం నేర్పినంత శ్రద్ధగా, ఆ సంబంధం కాగితం మీద ఏ ఆకారం దాలుస్తుందో చూపించం.

వడపోత నిమిషానికి 120 మిల్లీలీటర్లు, క్రియాటినిన్ డెసీలీటరుకు 1 మిల్లీగ్రాము ఉన్న వ్యక్తిని ఊహించుకుందాం. వ్యాధి వేగం ఏమాత్రం మారకుండా, వడపోత ఏటా సరిగ్గా 10 చొప్పున తగ్గుతోందనుకుందాం. రెండేళ్లకు వడపోత 100, క్రియాటినిన్ 1.2, నాలుగేళ్లకు 80, 1.5, ఆరేళ్లకు 60, 2, ఎనిమిదేళ్లకు 40, 3, పదేళ్లకు 20, 6, పదకొండో ఏట 10, 12. మొదటి ఆరేళ్లలో క్రియాటినిన్ పెరిగింది 1 మాత్రమే; చివరి ఒక్క ఏడాదిలో 6. మూత్రపిండం మాత్రం మొదటి ఏడాది ఎంత నష్టపోయిందో చివరి ఏడాదీ అంతే నష్టపోయింది.

శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురం వైపు జాతీయ రహదారి మీద 120 కిలోమీటర్లు వెళ్లాలనుకోండి. గంటకు 120 కిలోమీటర్ల వేగాన్ని 110కి తగ్గిస్తే ఆలస్యం ఐదారు నిమిషాలే. వేగాన్ని 20 నుంచి 10కి తగ్గిస్తే, అదే 10 తగ్గుదలకు, ఆరు గంటల ప్రయాణం పన్నెండు గంటలవుతుంది. ప్రయాణకాలాన్ని మాత్రమే చూసేవాడికి చివర్లో ఏదో విపత్తు జరిగినట్టు అనిపిస్తుంది.

క్రియాటినిన్ గ్రాఫులోనూ అదే భ్రమ కలుగుతుంది, దాని పర్యవసానం చిన్నది కాదు. గీత లేచిన నెలలో ఏం జరిగితే దానిమీదే నింద పడుతుంది: పండగనాటి భోజనం, ఎవరిదో దిష్టి, కొత్త వైద్యుడు రాసిన మందు. అవసరమైన మందును ఆ అనుమానంతో మానేస్తే జరిగే హాని మాత్రం నిజమైనది.

అందుకే ఆ విద్యార్థినిని నిలువు అక్షం మీద క్రియాటినిన్‌కు బదులు దాని వ్యుత్క్రమాన్ని, అంటే 1ని క్రియాటినిన్‌తో భాగిస్తే వచ్చే విలువను, గుర్తించమన్నాను. పై అంకెలు అప్పుడు 1.00, 0.83, 0.67, 0.50, 0.33, 0.17, 0.08 అవుతాయి. కాలానికి ఎదురుగా గుర్తిస్తే ఇవన్నీ ఒకే సరళరేఖ మీద వాలుతాయి. చాలామంది రోగుల్లో ఇలాంటి సరళరేఖే వస్తుందని 1976లోనే వైద్య పరిశోధకులు ప్రచురించారు.

ఈ గ్రాఫులో ఎడమవైపు బిందువులను మాత్రం జాగ్రత్తగా చదవాలి. కొలతలో 0.1 తేడా ఏ ప్రయోగశాలలోనైనా రావచ్చు. మన ఉదాహరణ లెక్కలో 0.8కి వడపోత 150, 0.9కి 133, అదే 5.0కి 24, 5.1కి 23.5. అంటే ఒకే కొలత పొరపాటు తొలిదశలో 17 యూనిట్ల తేడా చూపిస్తే, చివరి దశలో అరయూనిట్ మాత్రమే చూపిస్తుంది. కాబట్టి బిందువులను ఒకదానితో ఒకటి కలుపుకుంటూ పోకుండా, వాటి గుంపు మధ్యగా రేఖ గీయాలి. దీర్ఘకాలిక వ్యాధి అని నిర్ధారించడానికి మార్పు కనీసం 3 నెలలు నిలిచి ఉండాలన్న నియమం ఎంత అవసరమో దీన్నిబట్టి కూడా తెలుస్తుంది. అలాగే, మునుపు 0.8 ఉన్న మనిషికి 1.2 వస్తే రిపోర్టులో అది మామూలు పరిధిలోనే కనిపించవచ్చు. నిజానికి వడపోతలో మూడో వంతు పోయి ఉండవచ్చు.

120 అన్న లబ్ధం అందరికీ ఒకటి కాదు. కండ తక్కువగా ఉన్న వృద్ధురాలికీ, జీడితోటలో పనిచేసే యువకుడికీ క్రియాటినిన్ 1.2 వస్తే దాని అర్థం వేరువేరుగా ఉంటుంది. వడపోతను అంచనా వేసే సూత్రాల్లో వయసునూ లింగాన్నీ చేర్చడం ఇందుకే. జబ్బుతో కండ కరిగినవారిలో క్రియాటినిన్ తయారీయే తగ్గి, రేఖ ఉన్నదానికన్నా మెరుగ్గా కనిపిస్తుంది. పైగా వడపోతతో పాటు మూత్రపిండాల్లోని సన్నని నాళికలు కూడా కొంత క్రియాటినిన్‌ను నేరుగా బయటికి పంపుతాయి గనుక, వడపోత అసలుకన్నా కాస్త ఎక్కువగా లెక్కకు వస్తుంది.

ఇన్ని సవరణల తర్వాత కూడా వ్యుత్క్రమ రేఖ ఎక్కడైనా స్పష్టంగా కిందికి విరిగితే, విద్యార్థిని వెతకవలసిన చోటు అదే. ఆ తేదీకి ముందు వాంతులు, విరేచనాలు, ఎండలో పనిచేసి ఒంట్లో నీరు తగ్గడం, నొప్పి మాత్రలు వాడటం వంటివి ఉన్నాయేమో ఆ కుటుంబాన్ని అడిగి, ప్రతి బిందువు పక్కనా రాసుకోవాలి.