సెలూన్ బ్రష్ మీద అనుమానం ఎక్కడ మొదలైంది?

సెలూన్‌లో అందరి గడ్డాలకూ ఒకే బ్రష్ వాడొచ్చా, డబ్బా ఫోమ్‌కి మారాల్సిందేనా అన్న వాదన మళ్లీ రాజుకుంది. కత్తి నుంచి సేఫ్టీ రేజర్ దాకా సాగిన కథ అందరికీ తెలిసిందే. ఈ గొడవ మూలం అక్కడ లేదు, మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రష్‌లలో ఉంది.

విషవాయువు మాస్కు ముఖానికి సరిగ్గా అతుక్కోవాలంటే గడ్డం ఉండకూడదు. దాంతో సైనికులకు షేవింగ్ తప్పనిసరైంది. మేలురకం బ్రష్‌లకు వాడే బ్యాడ్జర్ (బొరియల్లో ఉండే ఒక అడవి జంతువు) వెంట్రుకలకు కరువొచ్చింది. తూర్పు దేశాల నుంచి తెచ్చిన గుర్రపు వెంట్రుకలకు రంగేసి, బ్యాడ్జర్‌లా కనిపించే చవక బ్రష్‌లు చేశారు. వాటిలో కొన్నింటిని శుద్ధి చేయకుండానే బజారులోకి వదిలారు. వెంట్రుకల్లో దాగిన ఆంత్రాక్స్ (పశువుల నుంచి మనుషులకు సోకే బ్యాక్టీరియా జబ్బు) బీజాలు చిన్న గాట్లలోంచి ఒంట్లోకి దిగాయి. ముందు దురద పెట్టే పొక్కు, ఆపైన నొప్పి లేని నల్లటి పెచ్చు. అమెరికా, బ్రిటన్‌లలో 200 మందికి పైగా ఈ జబ్బు పడ్డారు, కొందరు చనిపోయారు. 1920లో బ్రిటన్ జపాన్ బ్రష్‌ల దిగుమతిని నిషేధించింది.

ఇక్కడ గమనించాల్సిందొకటి ఉంది. ఆ జబ్బు తెచ్చినవి కొత్త బ్రష్‌లు. తప్పు వెంట్రుకలను శుద్ధి చేయని వ్యాపారులది. నురగ తీసే పద్ధతిది కాదు, మంగలిది అసలే కాదు.

సరిగ్గా అదే కాలంలో, 1919లో, అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో ఫ్రాంక్ షీల్డ్స్ బార్బసోల్ తెచ్చారు. బ్రష్ అక్కర్లేని క్రీమ్ అది. ఆయన చూసుకున్నది చర్మం మంట తగ్గించడం వరకే. కానీ బ్రష్ లేకుండానూ పని జరుగుతుందన్న నమ్మకం అక్కడ పడింది. 1950 ప్రాంతంలో వచ్చిన ఏరోసోల్ డబ్బా, అంటే నొక్కితే నురగ వచ్చే డబ్బా, దాన్ని స్థిరపరిచింది.

డబ్బా నురగలో గాలి వంతు ఎక్కువ. బ్రష్ చేసే పని వేరు. నీళ్లను పట్టి ఉంచుతుంది, వెంట్రుకను నిలబెడుతుంది, సబ్బును మొదలు దాకా తీసుకెళ్తుంది. మన సెలూన్‌లో స్ప్రేతో చెంప తడిపి, బ్రష్ కొసన బఠాణీ గింజంత క్రీమ్ పెట్టి, గుండ్రంగా తిప్పుతూ ముఖం మీదే నురగ తీస్తారు. తెల్లటి బుడగలు పోయి పెరుగు మీగడలా నిగనిగలాడే దాకా ఆపరు. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బును విరిచేస్తాయి. అందుకే అనుభవమున్న మంగలి ఇంకాస్త క్రీమ్ వేస్తాడు, నీళ్లు చుక్కచుక్కగా కలుపుతాడు.

ఫోమ్ కావాలనేవాళ్ల భయమూ నిజమే. బ్లేడు ప్రతి ఒక్కరికీ మారుతోంది, బ్రష్ మారడం లేదు. తామర, చీము పొక్కులు ఒకరి నుంచి ఒకరికి అంటుకోవచ్చు. అయితే దానికి మందు బ్రష్‌ను పారేయడమే కానక్కర్లేదు. ప్లాస్టిక్ పోగుల బ్రష్‌లు నాలుగైదు ఉంచుకుని, ఒక్కోదాన్ని వాడగానే కడిగి, క్రిమిసంహారకంలో నానబెట్టి, ఆరబెట్టి మళ్లీ తీయొచ్చు. జంతువుల వెంట్రుకల కంటే ఇవి త్వరగా ఆరతాయి. అంత వీల్లేని చిన్న దుకాణంలో గ్లౌజు వేసుకున్న అరచేతిలో క్రీమ్, నీళ్లు వేసి రుద్ది నురగ తీయొచ్చు. ప్రతి గిరాకీకీ కొత్త గ్లౌజు కావాలి, కాస్త సమయమూ పడుతుంది.