ఎల్క్ వేటలో గాలి, తోటి వేటగాళ్లు: అపోహలు - వాస్తవాలు

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో విల్లంబులతో ఎల్క్ వేట సెప్టెంబరు 2 నుంచి 30 వరకు సాగుతుంది. అక్టోబరు వచ్చేసరికి నాకు తెలిసిన వేటగాళ్లలో సగం మంది నోట ఒకటే మాట వినిపిస్తుంది: అడవిలో జనం ఎక్కువైపోయారు, జంతువులు కరువైపోయాయి, ఎవరో వచ్చి వేట చెడగొట్టారు. పన్నెండేళ్లుగా ఈ కొండల్లోని ప్రభుత్వ భూముల్లో వేటాడుతున్న నేను మొదటి నాలుగేళ్లూ ఇదే మాట అన్నాను. ఆ మాటలో నిజం ఉంది, కానీ నేను అనుకున్నంత లేదు. గాలి మోసుకొచ్చిన మనిషి వాసన తగిలితే ఎల్క్‌లు పారిపోతాయి. గాలిని చదవడం రాని మనిషి తాను తిరిగే లోయలో ఉన్న ప్రతి ఒక్కరి వేటనూ తనకు తెలియకుండానే పాడుచేస్తాడు. అందుకే తోటి వేటగాడి పట్ల చూపవలసిన మొదటి మర్యాద గాలిని నేర్చుకోవడమేనని నేను నమ్ముతున్నాను. ఇక్కడ స్థిరపడిన తెలుగువారిలో ఈ మధ్య కొందరు వేట లైసెన్సు తీసుకుని నన్ను సలహాలు అడుగుతున్నారు. వారు తరచుగా అడిగే ప్రశ్నల వెనక ఉన్న అపోహలను ఇక్కడ ఒక్కొక్కటిగా పరిశీలిస్తాను.

ఎల్క్‌ను చూడనివారికి ఒక్క మాట. ఇది పెద్ద జింక, మన కణుజుకు దగ్గరి బంధువు. బాగా ఎదిగిన మగది మూడు వందల కిలోలు దాటి కూడా తూగుతుంది. సెప్టెంబరు దాని జతకట్టే కాలం కాబట్టి, మగ ఎల్క్ ఆ రోజుల్లో లోయలు మారుమోగేలా ఈల లాంటి కూత వేస్తుంది. ఇంగ్లీషు వాళ్లు దాన్ని బ్యూగిల్ అంటారు.

అపోహ: వాసన రాని సబ్బుతో స్నానం చేసి, వాసనను పీల్చే బొగ్గు పొర ఉన్న బట్టలు వేసుకుంటే గాలి గురించి పట్టించుకోనవసరం లేదు.

వాస్తవం: మనం "పసిగట్టడం" అంటామే, ఆ మాటలోని పసికి అర్థం వాసనే. జంతువు మనల్ని పసిగట్టేది సబ్బు వాసన వల్ల కాదు. మన ఊపిరి నుంచి, చెమట నుంచి, క్షణక్షణం రాలే చర్మపు రేణువుల నుంచి వాసన వస్తూనే ఉంటుంది. పదివేల అడుగుల ఎత్తున, వీపున బరువుతో రెండు గంటలు కొండ ఎక్కిన మనిషి ఒంటి నుంచి వచ్చే వాసనను ఏ బట్టా పూర్తిగా ఆపలేదు. శుభ్రంగా ఉండడం మంచిదే, నేనూ ఉంటాను. కానీ ఆ బట్టల ఖర్చులో పదో వంతు ఖర్చుతో, గాలి ఎటు పోతోందో చూపించే చిన్న పొడి సీసాలు రెండు కొనుక్కుని ఒకటి జేబులో, ఒకటి సంచిలో ఉంచుకోవడం మేలు. ఎల్క్ కంటిని కదలకుండా నిలబడి మోసం చేయవచ్చు. చెవిని కూడా మరో ఎల్క్ గొంతును అనుకరించి మోసం చేయవచ్చు. ముక్కును మోసం చేసే దారి మాత్రం నాకు ఇంతవరకు కనిపించలేదు.

అపోహ: ఫోన్‌లో గాలి దిశ చూసుకుని దానికి ఎదురుగా నడిస్తే సరిపోతుంది.

వాస్తవం: వేటగాళ్లను అన్నింటికంటే ఎక్కువగా దెబ్బతీసే అపోహ ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. వాతావరణ సూచనలోని గాలి సాధారణంగా నేలకు పది మీటర్ల ఎత్తున, విశాలమైన ప్రాంతానికి లెక్కగట్టిన గాలి. కొండవాలు మీద, చెట్ల మధ్య, మోకాలి ఎత్తున వీచే గాలికి దానితో పొత్తు కుదరాలన్న నియమం లేదు. రాత్రంతా చల్లబడిన గాలి బరువెక్కి, నీళ్లు పారినట్టే వాలు వెంబడి కిందికి జారి వాగులో చేరి, వాగు వెంట దిగువకు పోతుంది. ఎండ తగిలి నేల వేడెక్కగానే అదే గాలి తేలికై వాలు మీదుగా పైకి లేస్తుంది. సాయంత్రం నీడ పడగానే మళ్లీ కిందికి తిరుగుతుంది. ఇక్కడి వేటగాళ్లు ఈ గాలులను థర్మల్స్ అంటారు.

ఈ మార్పు గడియారం ప్రకారం జరగదు, ఎండ ప్రకారం జరుగుతుంది. సెప్టెంబరులో ఆకాశం తేటగా ఉన్న రోజున తొమ్మిది, పది గంటల మధ్య గాలి తిరగడం నేను ఎక్కువగా చూశాను. మబ్బు పట్టిన రోజున అది ఆలస్యమవుతుంది, ఒక్కోసారి బలహీనంగా ముగుస్తుంది. తూర్పుకు తిరిగిన వాలు ముందుగా వేడెక్కుతుంది కాబట్టి, ఒకే లోయలో ఒక పక్క గాలి పైకి లేస్తుండగా ఎదుటి పక్క నీడలో ఇంకా కిందికి జారుతూనే ఉండవచ్చు. ఆ మారే సమయంలో, అంటే అరగంటో గంటో, గాలికి దిశ అంటూ ఉండదు. బలమైన పై గాలి వీస్తే థర్మల్స్ దానికి లొంగిపోతాయి. అప్పుడు కూడా కొండగట్టు దాటిన గాలి, వాగులో బండరాయి వెనక నీరు సుడి తిరిగినట్టు, అవతలి వాలున సుడి తిరుగుతుంది. ఎల్క్‌లు పగలు పడుకోవడానికి సరిగ్గా అలాంటి చోట్లనే, గట్టుకు కొంచెం కింద, ఉత్తరపు వాలు మీది చిక్కని స్ప్రూస్ చెట్ల నీడలో ఎంచుకోవడం నేను తరచుగా చూశాను. గట్టు దాటి వచ్చే గాలి వెనకటి కబురు, కింది నుంచి లేచే గాలి ముందరి కబురు వాటికి కూర్చున్న చోటికే తెచ్చిపెడతాయి.

అందువల్ల నా దినచర్య ఇలా ఉంటుంది. తెల్లవారుజామున ఎల్క్‌లు మేత బయళ్ల నుంచి పడకలకు ఎక్కుతాయి, గాలి కిందికి జారుతుంది. కాబట్టి నేను వాటికి దిగువన, పక్కవాటుగా వెంబడిస్తాను. తొమ్మిది కాకముందే వెంబడించడం ఆపి, వాటికి దూరంగా పక్కకు జరిగి పైకి ఎక్కుతాను. గాలి పైకి తిరిగే వేళకు నేను వాటికి ఎగువనో, సమాన ఎత్తులో పక్కగానో ఉండాలి. సాయంత్రం నీడ పడేదాకా ఎగువన ఉంటాను. ఆ తరువాత కూడా అక్కడే కూర్చుంటే నా వాసన మేతకు దిగిన మంద మీదికి జారుతుంది కాబట్టి, వీలుంటే పక్కనుంచి దిగిపోతాను.

అపోహ: ముఖానికి గాలి తగులుతోందంటే మన వైపు గాలి బాగున్నట్టే.

వాస్తవం: ముఖానికి తగిలే గాలి మనం నిలబడిన చోటి సంగతి మాత్రమే చెబుతుంది. నలభై గజాల అవతల అది చెట్ల మధ్య ఏ మలుపు తిరుగుతుందో పొడి సీసా కూడా చెప్పదు, ఎందుకంటే ఆ పొడి పది గజాల లోపే కంటికి కనిపించకుండా పోతుంది. ఇక్కడ పెరిగే మిల్క్‌వీడ్ అనే మొక్క కాయలోని దూదిని పాత వేటగాళ్లు వాడతారు. అది మన జిల్లేడుకు చుట్టం. చిన్నప్పుడు జిల్లేడు కాయ పగలగొట్టి దూదిని ఊదుకుంటూ దాని వెంట పరుగెత్తినవారికి నేను ఏం చెబుతున్నానో వెంటనే అర్థమవుతుంది. ఒక్క పోగు గాలిలో వదిలితే యాభై గజాల దాకా కంటికి ఆనుతుంది. నాకు ఎదురుగా వచ్చిన గాలి నా వెనక కొంత దూరం వెళ్లి, పైకి లేచి, మళ్లీ నా తల మీదుగా ఎల్క్‌ల వైపు మళ్లడం నేను ఆ పోగుతోనే మొదటిసారి చూశాను. ఏ పుస్తకం నేర్పలేని పాఠం అది.

అపోహ: ఎల్క్‌ను అనుకరించి మనం వేసిన కూతకు బదులు పలికిన మగ ఎల్క్ తిన్నగా మన దగ్గరికి వస్తుంది.

వాస్తవం: కొన్ని వస్తాయి. ఎక్కువ భాగం డెబ్బై, ఎనభై గజాల దగ్గర ఆగి, పిలిచిన జంతువు కంటికి కనబడకపోతే గాలివాలున చుట్టి వచ్చి వాసన చూస్తాయి. అందుకే ఇద్దరు కలిసి వేటాడితే పిలిచే మనిషి యాభై గజాల వెనక ఉండాలి, విల్లు పట్టిన మనిషి ముందూ, కాస్త గాలివాలుకూ ఉండాలి. ఒంటరిగా ఉంటే గాలివాలు పక్క ఎల్క్ దాటలేని లోతైన గండో, పడిపోయిన చెట్ల గుట్టో ఉన్న చోటు చూసుకుని అక్కడ కూర్చోవడం తప్ప గత్యంతరం లేదు.

అపోహ: వేట చెడిందంటే ఇతర వేటగాళ్ల వల్లే.

వాస్తవం: నాలుగో సంవత్సరం కొలరాడోలోని ఫ్లాట్ టాప్స్ వన్యప్రాంతంలో జరిగినది చెబుతాను. పచ్చికబయలు పైన డజను ఆడ ఎల్క్‌లు, వాటితో ఒక పెద్ద మగది. వాటి దిగువన, ఒక పడిపోయిన మాను వెనక నేను. తొమ్మిదిన్నర ప్రాంతంలో ఎగువ గట్టు మీద ఇద్దరు వేటగాళ్లు కనిపించారు. కొద్ది క్షణాల్లో మంద లేచి పరుగు తీసింది. సాయంత్రం ట్రైల్‌హెడ్ (కాలిబాట మొదలయ్యే చోటు) దగ్గర వాళ్లను నిలదీసి కటువుగా మాట్లాడాను. వాళ్లు బదులు చెప్పకుండా వెళ్లిపోయారు. రాత్రి గుడారంలో మ్యాపు ముందు పెట్టుకుని జరిగినది గుర్తు చేసుకుంటుంటే ఒక విషయం తట్టింది. మంద పరుగెత్తింది వాళ్లకు దూరంగా కాదు, వాళ్లు నిలబడిన గట్టు వైపుకే. అంతకు పావుగంట ముందు నా పొడి పైకి లేవడం నేను చూశాను, చూసి కూడా ఇంకో పది నిమిషాలు ఆగుదామనుకున్నాను. ఆ మందను బెదరగొట్టింది నేనే. రెండు గంటలు కష్టపడి సరైన దారిలో ఎగువకు చేరిన ఆ ఇద్దరి వేటనూ నేనే పాడుచేసి, పైగా వాళ్లనే తిట్టాను.

అప్పటి నుంచి మంద బెదిరిన ప్రతిసారీ నేను మొదట చూసేది తలలు ఎటు తిరిగాయో, ఆ క్షణాన గాలి ఎటు ఉందో. కళ్లతో చూసి అనుమానపడిన ఎల్క్ తల ఎత్తి నిలబడుతుంది. వాసన తగిలినది మాత్రం సాధారణంగా మరో ఆలోచన లేకుండా లోయ వదిలి పోతుంది.

అయితే జనం తాకిడి కట్టుకథ కాదు. వేట మొదలైన కొద్ది రోజులకే ఎల్క్‌లు ప్రభుత్వ భూముల నుంచి వేటగాళ్లు అడుగుపెట్టని ప్రైవేటు పొలాలకు తరలిపోవడం కొలరాడోలోనూ, మోంటానాలోనూ అందరికీ తెలిసిన సంగతే. 2025 నుంచి, ఇంటర్‌స్టేట్ 25 రహదారికి పడమట, ఇతర రాష్ట్రాలవారికి విల్లంబుల ఎల్క్ లైసెన్సు అడిగినవారికల్లా అమ్మడం మానేసి లాటరీ పెట్టారు; ఆ నిర్ణయం వెనక ఈ ఒత్తిడి ఉంది. 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం ప్రకారం సైకిలుకు సైతం అనుమతి లేని చోటికి మోటారు బండి నడిపేవాళ్లను, పక్కవాడు పిలిచిన మగ ఎల్క్‌కూ అతనికీ మధ్య దూరి తామూ కూత వేసేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది, ఆ కోపం న్యాయమైనదేనని కూడా నమ్ముతాను. చట్టం మీరినవారి సంగతి వన్యప్రాణి అధికారికి చెప్పండి. అడవిలో ఆయుధాలు చేతబట్టుకుని తగవు పెట్టుకోకండి.

అపోహ: ముందుగా వచ్చినవారిదే ఆ లోయ.

వాస్తవం: నేషనల్ ఫారెస్టు, అంటే ప్రభుత్వ అడవి, అందరిదీ; పదేళ్లుగా అక్కడే గుడారం వేస్తున్నా మనకు ప్రత్యేక హక్కు రాదు. హక్కు లేనిచోట మర్యాదే దారి చూపాలి. ట్రైల్‌హెడ్ దగ్గర రెండు బండ్లు ఉంటే నేను ముందే అనుకున్న రెండో చోటికో, మూడో చోటికో వెళతాను. అడవిలో ఎవరైనా ఎదురైతే తప్పించుకుపోకుండా ఆగి, ఎటు వెళుతున్నారో అడిగి, నా దారి చెప్పి, నా వాసన ఏ పూటకు ఎటు జారుతుందో కూడా చెబుతాను. ఆ చివరి మాట విని ఆశ్చర్యపడినవారే ఎక్కువ, ఆ తరువాత మ్యాపు తీసి నాతో పాటు కూర్చున్నవారూ ఉన్నారు. గుడారం లోయ తలాపున వేయకండి. పై నుంచి చూస్తే అందంగా ఉంటుంది కానీ, రాత్రంతా మీ వంట పొగ, మీ వాసన చల్లగాలితో పాటు లోయ పొడవునా కిందికి పారుతుంది, తెల్లవారేసరికి ఆ లోయ ఎవరికీ పనికిరాదు.

అపోహ: రోడ్డుకు ఎంత దూరం వెళితే ఎల్క్‌లు అంత ఎక్కువ.

వాస్తవం: కొంత దూరం వరకే నిజం. అందరూ ఐదు మైళ్లు లోపలికి పోతున్న చోట, రోడ్డుకు ముప్పావు మైలులో ఎవరూ చూడని నిటారు గండిలో ఎల్క్‌లు నిశ్చింతగా ఉండడం చూశాను. పైగా ఒక మగ ఎల్క్ ఎముక తీసిన మాంసం తొంభై కిలోల దాకా ఉంటుంది. మూడు, నాలుగు విడతల మోత. సెప్టెంబరు ఎండలో మాంసం చెడితే అది పాపమే కాదు, తినదగిన మాంసాన్ని వృథా చేయడం ఇక్కడ నేరం కూడా.

అపోహ: గాలి సరిగా లేకపోయినా, ఇంత దూరం వచ్చాం కాబట్టి ఒక ప్రయత్నం చేస్తే పోయేదేమీ లేదు.

వాస్తవం: పోయేది ఆ మంద. చూడని, వినని, వాసన తగలని మంద రేపు కూడా అదే వాలు మీద ఉండవచ్చు. వాసన తగిలినది మైళ్ల దూరం పోతుంది, రేపు ఆ వాలుకు రాబోయే మనిషికి కూడా అది దక్కదు. గాలి తిరుగుతోందని దూది చెప్పగానే, మగ ఎల్క్ అరవై గజాల్లో కూత వేస్తున్నా సరే, వచ్చిన దారినే నిశ్శబ్దంగా వెనక్కి దిగండి. మూడు వందల గజాలు పోయి, గాలి నిలకడపడేదాకా నీడన కూర్చుని, ఐదు నిమిషాలకొకసారి ఒక పోగు వదిలి చూడండి. పోయిన సెప్టెంబరులో అలా పదకొండున్నర దాకా కూర్చున్నాను. ఆ రోజు గాలి కుదరలేదు, దిగి వచ్చేశాను. మర్నాడు పొద్దున అదే మగ ఎల్క్ అదే స్ప్రూస్ గుంపులోంచి కూత వేసింది.