హ్యామ్‌స్టర్ చక్రం: అపోహలు, వాస్తవాలు

ఆటోనగర్‌లో అన్ని సైజుల బేరింగులూ దొరికే ఊళ్లో ఉన్నాం, మన హ్యామ్‌స్టర్‌కి (పంజరంలో పెంచుకునే ఎలుక లాంటి చిన్న ప్రాణి) పరిగెత్తే చక్రం మనమే చేసుకోలేమా అనుకుని మొదలుపెట్టాను. ఇప్పుడు విజయవాడ నుంచే కాదు, గుంటూరు నుంచి కూడా అడిగి చేయించుకుంటున్నారు. వచ్చినవాళ్లలో చాలామంది ఇవే మాటలు నమ్ముకుని వస్తారు.

అపోహ: పంజరంతో పాటు వచ్చిన చక్రం చాలు.

సాధారణంగా చాలదు. సిరియన్ హ్యామ్‌స్టర్‌కి చక్రం అడ్డంగా కనీసం 28 సెంటీమీటర్లు ఉండాలి, మరుగుజ్జు జాతులకు 20. "అరచేతిలో పట్టే ప్రాణికి అంత చక్రమా?" అని ఆశ్చర్యపోతారు. చక్రం చిన్నదైతే కాళ్ల కింద వంపు ఎక్కువవుతుంది. నడుము కిందికి కుంగి, తల వెనక్కి వాలుతుంది. ఒక్క రాత్రిలో కిలోమీటర్ల కొద్దీ పరిగెత్తే జంతువు ఆ వంకర నడుముతోనే అంత దూరమూ పరిగెత్తాలి. అందుకే నేను ముందు పంజరం కొలతలు అడగను. పరిగెత్తుతుండగా పక్కనుంచి ఫోనులో వీడియో తీసి పంపమంటాను. వీపు స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంటే సరే. గిన్నెలా గుంట పడితే ఆ చక్రం తీసెయ్యాల్సిందే. కొనుక్కొచ్చినప్పుడు పిల్లకి సరిపోయింది పెద్దయ్యాక చాలదు, కాబట్టి ఈ వీడియో మళ్లీ మళ్లీ తీసి చూసుకోవాలి.

అపోహ: జల్లెడ లాంటి జాలీ అయితే గాలి ఆడుతుంది, కాలు జారదు.

నా మొదటి చక్రం అలాగే చేశాను. పరుగు తీసే చోట పిండి జల్లెడ జాలీ కత్తిరించి చుట్టాను. మూడో రోజు పొద్దున చూస్తే జాలీ మీద నెత్తురు, హ్యామ్‌స్టర్ వెనక కాలి గోరు ఊడిపోయి ఉంది. ఆ ఉదయం ఇప్పటికీ మర్చిపోలేదు. పాదం ఆనే చోట ఒక్క సందు కూడా ఉండకూడదు. తీగ చువ్వల మీద పరిగెత్తితే అరికాళ్లు పుండ్లవుతాయి, కాలు ఇరుక్కుంటే విరుగుతుంది. జారకుండా గరుకు కాగితం అంటిస్తామంటారు, అది అరికాలి తోలు అరగదీస్తుంది. గుడ్డ చుడితే పోగులు వేళ్లకు బిగుసుకుంటాయి. పల్చని కార్క్ షీటు తెల్ల జిగురుతో అంటించి, పూర్తిగా ఆరాక పెట్టండి. కొరికేస్తే మార్చుకోవచ్చు.

కొండపల్లి బొమ్మల తెల్లపొణికి కర్ర తేలిక కదా, దాంతో చెయ్యమని అడిగేవాళ్లూ ఉన్నారు. తేలికే, కానీ బాగా మెత్తన. బతికినంతకాలం పళ్లు పెరుగుతూనే ఉండే జంతువు ముందు అది ఎన్నాళ్లు నిలుస్తుంది? నేను ప్లైవుడ్డే వాడతాను, రంగు వెయ్యను.

అపోహ: చక్రం ఎక్కించడమంటే గానుగెద్దును చెయ్యడమే.

ఈ మాట అనేవాళ్ల జాలిని నేను గౌరవిస్తాను. కానీ గానుగెద్దుకు కాడి ఉంది, దీనికి లేదు. నెదర్లాండ్స్‌లోని లైడెన్ పరిశోధకులు యోహానా మైయర్, యూరి రాబర్స్ ఆరుబయట చక్రాలు పెట్టి కెమెరాలతో చూశారు. పంజరం మొహమే ఎరగని అడవి ఎలుకలు తమంతట తామే ఎక్కి పరిగెత్తాయి. కప్పలు, నత్తలు కూడా ఎక్కాయి! ఆ ఫలితాలు 2014లో వచ్చాయి. అలాగని చక్రం ఉంది కదా అని పంజరం ఇరుగ్గా ఉంచడం తప్పు. తవ్వుకోవడానికి లోతుగా పొట్టు, దాక్కోవడానికి చోటు కావాల్సిందే.

అపోహ: రాత్రి చప్పుడు తప్పదు, నూనె పోస్తే కాస్త తగ్గుతుంది.

చప్పుడంతా మేకు మీద తిరిగే చెక్కది. వంటనూనె నాలుగు రోజులకు జిగురై బొచ్చు పడుతుంది. మిషను నూనె ఒంటికి అంటితే నాకేస్తుంది. 608 నంబరు బేరింగు అడగండి, రెండు పక్కలా మూత ఉన్నది. లోపల 8 మిల్లీమీటర్ల బోల్టు పడుతుంది, బయట 22. చక్రం వెనక పలకకు సరిగ్గా నడిమధ్య 22 మిల్లీమీటర్ల రంధ్రం తొలిచి బిగించండి. రంధ్రం కాస్త పక్కకు జరిగినా చక్రం ఊగుతుంది, ఆ ఊగుడే మళ్లీ చప్పుడు. ముందు వైపు మొత్తం తెరిచి ఉంచండి. అడ్డపట్టీ పెడితే, తిరిగే చక్రానికీ ఆ పట్టీకీ మధ్య ప్రాణి కత్తెరలో పడ్డట్టు నలుగుతుంది. చప్పుడని చక్రాన్ని రాత్రి కట్టెయ్యడం మాత్రం వద్దు, అది మేలుకునేదే అప్పుడు.

గినీ పిగ్‌కీ కుందేలుకీ చక్రం చెయ్యను. వాటి వెన్ను ఆ వంపుకు తగ్గది కాదు. వాటికి కావాల్సింది తిరగడానికి నేల. గుండ్రటి ప్లాస్టిక్ బంతుల్లో పెట్టి దొర్లించడమూ వద్దు, లోపల గాలాడదు, సందుల్లో వేళ్లు ఇరుక్కుంటాయి.

మే నెలలో ఎక్కువగా వచ్చే ఫోను, "చక్రం పాడైంది, ఎక్కట్లేదు" అని. వేలితో తిప్పి చూడండి. తిరిగితే లోపం చక్రానిది కాదు, మన బెజవాడ ఎండది. ఫ్యాను గాలి మనకు చెమట ఆరి చల్లగా ఉంటుంది, హ్యామ్‌స్టర్‌కి అలా చెమట పట్టదు. ఇంట్లో అన్నిటికన్నా చల్లటి గదికి పంజరం మార్చి, పడుకోవడానికి ఒక రాతి పలక పెట్టండి. ఒళ్లు వేలాడేసినా, నోట చొంగ కారినా వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.