పౌరసత్వం వచ్చాక కూడా ఓటు దూరమే: ఇండియానాపోలిస్‌లో బర్మా చిన్‌లు

అమెరికాలో ఇండియానా రాష్ట్ర రాజధాని ఇండియానాపోలిస్‌లో ఉంటున్న చిన్‌లు (బర్మాలోని ఒక జాతి) పౌరసత్వం వచ్చాక కూడా ఓటు వేయకపోతే, వాళ్లకు ఆసక్తి లేదనేస్తారు. కానీ వాళ్లు వచ్చిన దేశం కథ చూడండి. 1990లో బర్మా జనం ఆంగ్ సాన్ సూచీ పార్టీని 485 సీట్లకు 392 చోట్ల గెలిపించారు. సైన్యం గద్దె దిగలేదు. 2015 ఎన్నికలకు ముందు రోహింగ్యా ముస్లింల తెల్లకార్డులు (తాత్కాలిక గుర్తింపు కార్డులు) రద్దుచేసి వాళ్ల ఓటే తీసేశారు. 2020 ఎన్నికల తీర్పును 2021 ఫిబ్రవరి 1న సైన్యం తుడిచిపెట్టింది. ఓటు వేసినా లెక్కలోకి రాని దేశం నుంచి వచ్చినవాళ్లకు ఆసక్తి లేదని తేల్చేయడం అన్యాయం.

ఇండియానాపోలిస్ దక్షిణ భాగంలో చిన్‌లు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డారు. మలేషియా, ఢిల్లీల మీదుగా శరణార్థులుగా వచ్చినవాళ్లే ఎక్కువ. శరణార్థికి ఏడాది గడిచాక గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేసే వీలుంటుంది. అమెరికాలో దిగిన రోజు నుంచి అయిదేళ్లు లెక్కగట్టి పౌరసత్వానికి ఎన్-400 ఫారం పెడతారు.

అసలు ప్రమాదం అమెరికాలో దిగాక పౌరసత్వం వచ్చేలోపే. 1993 నాటి ఓటరు నమోదు చట్టం ప్రకారం డ్రైవింగ్ లైసెన్సు కౌంటర్‌లోనే ఓటరు నమోదు గురించీ అడుగుతారు. ప్రశ్న అర్థంకాక తలూపి సంతకం పెడితే, పౌరుడినని అబద్ధం చెప్పినట్టు లెక్క. పౌరసత్వం ఆగిపోవచ్చు, దేశం నుంచి పంపేయనూ వచ్చు. పౌరసత్వ ప్రమాణ స్వీకారం పూర్తయ్యేదాకా ఓటరు నమోదు గడిలో టిక్ పెట్టకూడదు.

తర్వాతి చిక్కు పేరు. చిన్‌లలో చాలామందికి ఇంటిపేరు ఉండదు. మూడు ముక్కల పేరును ఒక్కో ఆఫీసులో ఒక్కోలా విరిచి రాస్తారు. ఇండియానాలో ఫొటో గుర్తింపు కార్డు తప్పనిసరి, దానిమీది పేరు ఓటరు జాబితాతో సరిపోవాలి. కుదరకపోతే ప్రొవిజనల్ (తాత్కాలిక) బ్యాలెట్ ఇస్తారు. ఎన్నికల తర్వాత పదో రోజు మధ్యాహ్నం 12 లోపు కౌంటీ ఎన్నికల బోర్డుకు కార్డు చూపించకపోతే ఆ ఓటు పోయినట్టే. అందుకే ముందు సోషల్ సెక్యూరిటీ కార్డు, తర్వాత లైసెన్సు, చివర ఓటరు నమోదు: మూడింటిలోనూ ఒకే స్పెల్లింగ్ ఉండాలి. నమోదుకు గడువు పోలింగ్‌కు 29 రోజుల ముందే ముగుస్తుంది.

ఓటింగ్ హక్కుల చట్టం సెక్షన్ 203 కింద వేరే భాషలో బ్యాలెట్ రావాలంటే ఇంగ్లిష్ సరిగా రాని పౌరుల సంఖ్య నిర్ణీత స్థాయి దాటాలి. 2021 జాబితాలో ఇండియానాలో బర్మీస్‌కు చోటు దక్కలేదు. దక్కినా సరిపోదు: హాఖా, ఫాలం, టెడిమ్ అనే చిన్ భాషలు మాట్లాడే పెద్దవాళ్లలో బర్మీస్ చదవలేనివాళ్లు ఉన్నారు. వాళ్లకు నికరంగా పనికొచ్చేది 1982లో చేర్చిన సెక్షన్ 208. చదవలేని ఓటరు కూతుర్నో, చర్చిలో తెలిసినవాళ్లనో బూత్‌లోకి తోడు తీసుకెళ్లవచ్చు. యజమాని, ఆయన తరఫు మనిషి, యూనియన్ నాయకుడు మాత్రం కూడదు. అందుకే పనిచేసే గిడ్డంగిలో షిఫ్ట్ సూపర్‌వైజర్ తానే సాయం వస్తానన్నా ఒప్పుకోకూడదు.